పిండి కొద్దీ రొట్టె – ఒక పాత ర్యాలీ కారు మరమ్మతు కథ

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందు ఈ వేదిక మీద కూచిపూడి నాట్యం చూశాము. తరువాత బుర్రకథ ఉన్నది. ఈ రెంటికీ నడుమ ఒక పాత కారు గురించి మాట్లాడమని కార్యవర్గం వారు మమ్మల్ని పిలిచినప్పుడు మేము కొంచెం సందేహించాము. సంస్కృతికీ, షాకబ్జర్లకూ ఏమిటి సంబంధమని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ అనుకున్నాము. కాని కార్యదర్శిగారు ఒక మాట అన్నారు: “ఈ దేశానికి మనవాళ్ళు వచ్చింది చేతిపనితోనే కదా! ఆ చేతిపని గురించి మన పిల్లలకు చెప్పకపోతే ఎట్లా?” ఆ మాటను కాదనలేక మీ ముందు నిలుచున్నాము.

కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫు దేశాలకు వచ్చిన తెలుగువారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, మెకానిక్కులు, పైపు పనివారు ఎందరో ఉన్నారు. వారి బిడ్డలు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకొని, కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగాలకు తయారవుతున్నారు. మంచిదే. అయితే నాన్న చేతిలోని నేర్పు ఎటువంటిదో తెలియకుండా బిడ్డ పెద్దదైతే, ఆ ఇంట ఏదో ఒకటి పోగొట్టుకున్నట్టే. మా కథ వెనుక ఉన్న ఆలోచన ఇది.

ముందుగా ర్యాలీ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక్క మాట. గుండ్రటి బాటలో పక్కపక్కన పరుగెత్తే పందెం కాదు ఇది. మట్టి బాటల మీద, రాళ్ళ బాటల మీద ఒక్కొక్క కారునే వరుసగా వదలి, ఎవరు తక్కువ కాలంలో చేరారో గడియారంతో లెక్క కడతారు. చోదకుడి పక్కన దారి చదివి చెప్పే మనిషి ఒకడు ఉంటాడు. కారు ఒకటి, ప్రాణాలు రెండు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

కతారు చిన్న దేశం. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 160 కిలోమీటర్లు, అడ్డంగా 80. అయినా ర్యాలీల మాట వచ్చేసరికి దీని పేరు పెద్దది. 1984లో మధ్యప్రాచ్య ర్యాలీ ఛాంపియన్‌షిప్ మొదలైన ఆ రోజులలో సయీద్ అల్ హజ్రీ అనే కతారీ చోదకుడు పోర్షె 911 కారుతో ఈ ప్రాంతపు పోటీలలో విజయాలు సాధించాడు. ఆ తరువాతి తరంలో నాసర్ అల్ అతియా 2011లో డకార్ ర్యాలీ గెలిచాడు. అదే మనిషి 2012 లండన్ ఒలింపిక్సులో తుపాకి గురిపోటీలో కాంస్య పతకం కూడా తెచ్చాడు. కనుక ఇక్కడి కుర్రవాళ్ళకు ర్యాలీ మీద మోజు ఉండటంలో వింత లేదు. ఆ గాలి మాకూ సోకింది.

కతారు నేల అనగానే అందరికీ ఇసుక తిన్నెలే కళ్ళకు కడతాయి. తిన్నెలు దక్షిణాన, ఖోర్ అల్ అదైద్ వైపు ఉన్న మాట నిజమే. కాని దేశంలో ఎక్కువ భాగం సున్నపురాతి నేల. మీద పలచని దుమ్ము, కింద కత్తుల్లాంటి రాళ్ళు. సముద్రానికి దగ్గరగా ఉప్పు పేరుకున్న చదును నేలలు, వాటిని ఇక్కడివారు సబ్ఖా అంటారు. వాయవ్యం నుంచి షమాల్ గాలి వీచిందంటే గోధుమపిండి వంటి దుమ్ము లేచి, సందు దొరికిన ప్రతి చోటా దూరుతుంది. రాయి కొడుతుంది, దుమ్ము అరగదీస్తుంది, ఉప్పు తుప్పు పట్టిస్తుంది. కారు కాళ్ళకు ఈ ముగ్గురూ శత్రువులే.

మా బృందంలో మేము ఆరుగురం. విజయవాడ ఆటోనగరులో పదేళ్ళ ప్రాయంలో పానా పట్టి లారీ కమాన్లు విప్పడం నేర్చుకున్నవారు ఒకరు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఫిట్టరు. గ్యాసు కర్మాగారంలో వెల్డింగు అతుకులు పరీక్షించే ఉద్యోగి ఒకరు. గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటూ చేతులకు గ్రీజు అంటించుకోవాలనే సరదా ఉన్నవాళ్ళం ఇద్దరం. ఇక మా చోదకుడు, రాజమండ్రి తమ్ముడు, అందరికంటె చిన్నవాడు. వీరికి తోడు ఆ తమ్ముడి అన్నగారి అమ్మాయి, అప్పటికి పధ్నాలుగేళ్ళ పిల్ల, ప్రతి శుక్రవారం మాతో వచ్చి కూర్చునేది. ఒక కతారీ మిత్రుడు తన మజ్రాలో, అంటే తోటలో, ఒక రేకుల షెడ్డు మాకు వాడుకోమని ఇచ్చాడు. అద్దె అడిగితే, “మీ బిరియానీ చాలు” అన్నాడు.

కారు 1994 మోడలు టయోటా కరోలా. దానిని కొన్నది 2017 మొదట్లో. ఇంజను బాగున్నది. కాళ్ళే బాగా లేవు. కొని, బరువు తగ్గించి, లోపల ఇనుప గొట్టాల పంజరం, బెల్టులు అమర్చేసరికి కాళ్ళకు మిగిలినది 6,000 రియాళ్ళు, అంటే సుమారు 1,650 డాలర్లు. ర్యాలీలకోసం తయారుచేసి అమ్మే సస్పెన్షను సెట్టు కొనాలంటే మా సొమ్ముకు మూడు నాలుగు రెట్లు కావాలి. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. సరే, మన పిండి ఇంతే, దీనితో ఎంత రొట్టె అవుతుందో చూద్దామనుకున్నాము.

ఇక్కడ పిల్లలకు కొంచెం శాస్త్రం చెప్పాలి. కారు బరువును మోసేది స్ప్రింగు. బండి గుంతలో పడితే స్ప్రింగు అణగి, మళ్ళీ లేస్తుంది. ఎంత బరువు పెడితే అంత అణుగుతుందని 1678లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ప్రకటించాడు. రెట్టింపు బరువుకు రెట్టింపు అణకువ. అయితే స్ప్రింగుకు ఒక దుర్గుణం ఉన్నది. ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆగదు. దానిని ఆపేది షాకబ్జరు. దాని గొట్టంలో నూనె, నూనెలో చిన్న రంధ్రాలున్న ముషలకం. ముషలకం కదిలినప్పుడల్లా నూనె ఆ సన్నని రంధ్రాలలోంచి దూరి పోవలసి వస్తుంది. ఆ శ్రమలో ఊపు కాస్తా వేడిగా మారుతుంది. అందుకే రాళ్ళ బాటలో పరుగెత్తి వచ్చిన కారు షాకబ్జరును ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నూనె మరీ వేడెక్కి నురగ కట్టిందంటే ఇక అది పనిచేయదు. కారు పడవలాగా ఊగుతుంది.

మా కరోలాకు నాలుగు చక్రాల దగ్గరా స్ట్రట్టులే. అంటే స్ప్రింగు, షాకబ్జరు ఒకే స్తంభంగా నిలబడి ఉంటాయి. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆలోచన ఇది. 1950లో ఇంగ్లండులో ఫోర్డు కాన్సల్ కారుతో బాగా ప్రచారంలోకి వచ్చింది. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. మా వంటి పేద ఔత్సాహికులకు మాక్‌ఫర్సన్ చేసిన ఉపకారం ఇంతా అంతా కాదు.

ఇక మేము చేసిన మొదటి తప్పు. ర్యాలీ కారంటే గట్టిగా ఉండాలని మా భ్రమ. స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే గట్టిపడుతుందని ఎవరో చెప్పగా ముందు జతకు ఒక్కొక్క చుట్టు కోసేశాము. పైసా ఖర్చు లేదు! లెక్క ప్రకారం పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి తీసేస్తే 20 శాతం గట్టిపడుతుంది. గట్టిపడింది. కాని కారు కిందికి దిగిపోయింది. రాళ్ళ బాట మీద నెమ్మదిగా తోలి చూశాము. అడుగు భాగం ప్రతి రాయికీ నమస్కారం పెట్టింది. చక్రాలు నేలను అంటిపెట్టుకోవడం మాని, వేడి పెనం మీద నీటిచుక్కలలాగా ఎగిరాయి. మోకాలు వంచకుండా గట్టుమీద నుంచి దూకిన మనిషికి ఏమవుతుంది? నడుము పడుతుంది. కారుకూ అంతే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

పెద్దాయన ఆ కోసిన స్ప్రింగులు చేతిలోకి తీసుకొని, “గట్టిగ ఉండుడు వేరు, బలంగ ఉండుడు వేరు బిడ్డా. కాలు మలిగితెనే మనిషి ఉరుకుతడు” అన్నాడు. ర్యాలీ కారుకు కావలసినది కాలు పొడుగు, అంటే చక్రం పైకీ కిందికీ కదలడానికి చోటు. ఆ చోటంతా వాడుకొని, చివరకు అడుగంటకుండా ఆపగలిగినంత గట్టిదనం చాలు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి మాకు ఒక నెల, రెండు స్ప్రింగులు ఖర్చయ్యాయి.

అప్పుడు సరియైన స్ప్రింగుల వేట మొదలైంది. దోహా నగరపు పారిశ్రామిక వాడను మనవాళ్ళు సనాయా అంటారని మీకు తెలుసు. అక్కడి పాత సామాను దుకాణాలలో స్ప్రింగులు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఏది ఎంత గట్టిదో వాటిమీద రాసి ఉండదు. మా అమ్మాయి పుస్తకంలో ఒక సూత్రం చూపించింది. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందానికి నాలుగవ ఘాతాన్ని బట్టి పెరుగుతుందట. అంటే తీగ 12 మిల్లీమీటర్ల నుంచి 13 అయితే, మిగిలినవన్నీ సమానంగా ఉన్నప్పుడు, గట్టిదనం సుమారు 38 శాతం పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరులో ఎంత మహిమ! అందుకని కొలిచేముందు పెయింటు గీకి తీరాలని ఆ పిల్లే పట్టుబట్టింది. రంగు పొర వల్ల 0.3 మిల్లీమీటరు ఎక్కువ చూపితే లెక్కలో 10 శాతం తప్పు వస్తుందన్నది. మేము వెర్నియరు పట్టుకొని సనాయాలో పాత ఇనుము మీద వంగి రంగు గీకుతూ ఉంటే, దుకాణదారు మమ్మల్ని చూసి నవ్వుకున్నాడు.

లెక్క ఒకటే చాలదు, కొలత కావాలి. దానికి మేము కనిపెట్టిన యంత్రం రెండు సిమెంటు బస్తాలు. స్ప్రింగు నడుమ ఒక గొట్టం నిలబెట్టి, పైన ఇనుప పలక వేసి, 50 కిలోల బస్తా ఒకటి పెట్టి గుర్తు గీయాలి. రెండవది పెట్టి మళ్ళీ గుర్తు గీయాలి. రెండు గుర్తుల మధ్య దూరమే జవాబు. 24 కిలోలకు ఒక సెంటీమీటరు అణిగే పాత స్ప్రింగు రెండవ బస్తాకు 21 మిల్లీమీటర్లు దిగింది. మేము చివరకు ఎంచుకున్నది 15 మిల్లీమీటర్లు దిగింది. లెక్కా, బస్తా ఒకే మాట చెప్పాయి. ఆనాడు ఆ పిల్ల ముఖంలో కనిపించిన సంతోషం మాకు పరీక్షల్లో మార్కులు వచ్చిననాడు కూడా కనిపించలేదు.

స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త కావాలి. 15 సెంటీమీటర్లు అణచిపెట్టిన ఆ పాత స్ప్రింగులో దాగి ఉన్న శక్తి, 25 కిలోల సోనా మసూరి బస్తా మీటరు పైనుంచి జారి నెత్తిన పడ్డదానికి తక్కువ కాదు. అందుచేత స్ప్రింగు అణచే పనిముట్టు మాత్రం మంచిది అద్దెకు తెచ్చాము. తాళ్ళతో, తీగలతో కట్టి విప్పే పద్ధతిని ఆటోనగరులో చూసినవారే వద్దన్నారు. చూసినవారు గనుకనే వద్దన్నారు.

షాకబ్జర్ల సంగతి. కొత్తవి కొనే స్తోమతు లేదు. పాత స్ట్రట్టు గొట్టాలే తీసుకొని, వాటిలో గ్యాసు ఒత్తిడి లేకుండా ముందే జాగ్రత్తగా వదిలించి, పైభాగం లేతు మీద కోయించి, మర తీయించి, విప్పడానికి వీలైన మూతలు చేయించాము. లోపల విడిగా దొరికే కార్ట్రిడ్జిలు, కొత్త సీళ్ళు, షాకబ్జర్లకోసమే చేసిన నూనె వేశాము. రాడ్డు నునుపును గోటితో పరీక్షించాము. గోరు తట్టుకున్న చోట సీలు చిరుగుతుంది, ఆ రాడ్డు పనికిరాదు. దళసరి అద్దం మీద రాడ్డును దొర్లిస్తే వంకర ఉంటే వెలుతురు సందు కనిపిస్తుంది. ఎనిమిది రాడ్లలో మూడు ఈ పరీక్షలలో పోయాయి. దుమ్ము దూరకుండా ప్రతి రాడ్డుకూ రబ్బరు తొడుగు వేశాము. స్ట్రట్టు అడుగు పట్టీలకు ఆసరా పలకలు వెల్డింగు చేయించింది గొట్టాలు ఖాళీగా ఉన్నప్పుడే. నూనె, గ్యాసు ఉన్న గొట్టానికి నిప్పు చూపిస్తే అది బాంబుతో సమానం.

మరొక సూక్ష్మం. స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని షాకబ్జరు మరీ ఎక్కువగా అదిమితే, ఒక గుంత నుంచి తేరుకోకముందే రెండవ గుంత వస్తుంది. కారు మెట్టు మెట్టుగా కుంగిపోయి, చివరకు కాలు ముడుచుకొని కూర్చుంటుంది. ఎడారి బాటల మీద అలలు అలలుగా ఉండే గట్లు మీరు చూసే ఉంటారు. అక్కడ మాకు సరిగా ఇదే జరిగింది. నూనె పలచన చేసి చూస్తే కారు ఊపిరి పీల్చుకున్నది.

చక్రాల వరుస సరిచేయడానికి యంత్రం ఉన్న దుకాణానికి ఒకసారే వెళ్ళాము. తక్కిన అన్నిసార్లూ నూలుదారం, తాపీమేస్త్రీ గుండుదారం మా యంత్రాలు. కారుకు రెండు వైపులా సమాంతరంగా దారాలు కట్టి, ప్రతి చక్రం ముందు అంచు, వెనుక అంచు ఎంత దూరమో కొలిస్తే చక్రం ఎటు చూస్తున్నదో తెలుస్తుంది. గుండుదారం వేలాడదీస్తే చక్రం ఎంత వాలి ఉన్నదో తెలుస్తుంది. రిమ్ము ఎత్తు 38 సెంటీమీటర్లయితే ఒక డిగ్రీ వాలుకు పై అంచుకూ కింది అంచుకూ సుమారు 6.6 మిల్లీమీటర్ల తేడా. గోడ కట్టే మేస్త్రీకి తెలిసిన విద్యే ఇది.

ఇంతవరకు చెప్పినదంతా ఆదా చేసిన కథ. ఇప్పుడు ఆదా చేయకూడని చోటు చెబుతాము. ఈ ప్రసంగంలో మేము చెప్పదలచిన అసలు మాట ఇదే.

2017 అక్టోబరు నెల. ఔత్సాహికుల పోటీ ఒకటి పది రోజులలో ఉన్నది. కారు తయారయింది. బడిలో చదివే పిల్లలు రంగులు వేశారు, తలుపుల మీద తెలుగులో కూడా పేర్లు రాశారు. చుట్టుపక్కల కుటుంబాలు చూడటానికి వస్తామన్నాయి. చివరి తనిఖీగా ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ములు విప్పి చూద్దామని పెద్దాయన అన్నాడు. మిగిలినవాళ్ళం విసుక్కున్నాము. ఆయన విన్నాడా? ఆర్మును కడిగి, కిరసనాయిలు పట్టించి, అరగంట ఉంచి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూశాడు. పగులు ఉంటే అందులో ఇంకిన కిరసనాయిలు మెల్లగా బయటికి వచ్చి తెల్లటి సుద్ద మీద మరక కడుతుంది. ఊళ్ళలో పాత మెకానిక్కులు చేసే పరీక్ష ఇది.

ఎడమ ఆర్ము తెల్లగానే ఉన్నది. కుడి ఆర్ము మీద, ముందు బుష్షు దగ్గర, వెంట్రుక వంటి నల్లని గీత తేలింది. పొడవు రెండు బియ్యపుగింజలంత. గ్యాసు కర్మాగారం మిత్రుడు మర్నాడు తన వృత్తిలో వాడే ఎర్రరంగు మందు తెచ్చి మళ్ళీ పరీక్షించాడు. సూత్రం అదే, మందు మాత్రం మేలైనది. గీత ఇంకా స్పష్టంగా కనబడింది.

కొత్త ఆర్ము కావాలి. దోహాలో వెతికితే ఆ మోడలుకు ఎడమది దొరికింది, కుడిది దొరకలేదు. పూర్వమైతే షార్జాలో చెబితే రెండు మూడు రోజులలో లారీ మీద సల్వా సరిహద్దు దాటి వచ్చేది. కాని ఆ సంవత్సరం జూన్ 5న పొరుగు దేశాలు కతారుతో రాకపోకలు తెంచుకున్నాయి. భూమి సరిహద్దు మూసుకుపోయింది. సరుకులు ఒమాను రేవులు తిరిగి సముద్రం మీద రావలసి వచ్చింది. బియ్యం, పాలు వంటివాటికి త్వరలోనే దారి దొరికింది గాని, పాత కారు ఆర్ముకోసం ఎవరు ఓడ నడుపుతారు? ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు.

మా తమ్ముడు అన్నాడు: “వెల్డింగు చేద్దాం అన్నా. పలక వేసి కుడితే అసలుకంటె గట్టిగా ఉంటుంది. ఒక్క రోజు పోటీయే కదా!” నిజం చెప్పాలంటే మాలో ముగ్గురికి ఆ మాట నచ్చింది. పదినెలల కష్టం, పిల్లల ఆశ, చేతిలో అయిపోయిన డబ్బు అన్నీ ఆ మాటవైపే లాగాయి. వెల్డరు దగ్గరే ఉన్నాడు. గంట పని. అయితే అదే పనిలో ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారు అడ్డు చెప్పారు. పగులు పైకి కనిపించినంతేనా, లోపల ఎంత దూరం పోయిందో తెలియదు. అతుకు వేసిన చోట కాకపోయినా, వేడి తగిలిన దాని పక్క చోట లోహం పెళుసెక్కి మళ్ళీ పగలవచ్చు. కింది ఆర్ము విరిగితే చక్రం మడిచి పడుకుంటుంది. అప్పుడు కారు చోదకుడి మాట వినదు.

అమ్మాయి మెల్లగా అడిగింది: “పెదనాన్నగారూ, మరి మన డబ్బంతా పోయినట్టేనా?”

పెద్దాయన ఆర్మును బల్లమీద పెట్టి, “పైసలు మళ్ళ వస్తయి బిడ్డా. రేపు అండ్ల కూసునేది మీ బాబాయి” అన్నాడు.

ఆ మాట తరువాత ఎవరమూ వాదించలేదు. పోటీ నుంచి తప్పుకున్నాము. మా తమ్ముడు మూడు వారాలు మాతో మాట్లాడలేదు. వస్తామన్న కుటుంబాలకు ఫోను చేసి చెప్పడం మాకు చాలా కష్టమైంది. ఒకరిద్దరు, “మీకు చేతకాదని మేము ముందే అనుకున్నాం” అని కూడా అన్నారు. పడ్డాము.

ఆర్ము డిసెంబరు చివరికి, ఒమాను మీదుగా వచ్చింది. అప్పటికి కొంత సొమ్ము కూడబెట్టి రెండు వైపులా కొత్త ఆర్ములు, కొత్త బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు వేశాము. అంతకుముందు వాటిలో కొన్ని పాతవే ఉండనిచ్చాము, ఆ తప్పు కూడా దిద్దుకున్నాము. బోల్టులు గట్టి రకానివి, తలపై 10.9 అని గుర్తు ఉన్నవి తెచ్చి, టార్కు పానాతో కొలిచి బిగించాము. లోపల నైలాను పట్టు ఉన్న నట్టులను ఒకసారి విప్పితే మళ్ళీ వాడలేదు. మొత్తం ఖర్చు 6,000 దాటి 6,700 అయింది. ఆ 700 రియాళ్ళూ ఆరుగురం పంచుకున్నాము.

2018 వసంతంలో ఒక చిన్న పోటీలో మా కారు పరుగెత్తింది. బహుమతి ఏమీ రాలేదు. ఒక టైరు రాతికి చీలింది, దానిని మార్చడంలో చాలా సమయం పోయింది. మాకంటె వెనుక వచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కాని గమ్యం చేరాము. చేరిన సాయంత్రమే మజ్రాలో ఆర్ములు విప్పి, కిరసనాయిలు పట్టించి, సుద్ద పూసి కూర్చున్నాము. ఈసారి ఆ పని చేసినది మా తమ్ముడు. అరగంట సేపు ఎవరమూ మాట్లాడలేదు. సుద్ద తెల్లగానే ఉన్నది. అతడు లేచి పెద్దాయనకు టీ పోసి ఇచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య జరిగిన సంభాషణ అంతే.

2021 జనవరిలో సరిహద్దు మళ్ళీ తెరచుకున్నది. లారీలు తిరుగుతున్నాయి. ఇప్పుడు ఏ భాగం కావాలన్నా త్వరగానే వస్తుంది. అయినా మేము ఆర్ములు విప్పి చూసే అలవాటు మానలేదు.

సభాసదులారా, మేము నేర్చుకున్నది రెండు ముక్కలలో చెప్పి ముగిస్తాము. సొమ్ము తక్కువైనప్పుడు మన శ్రమతో భర్తీ చేయగలిగిన చోట ఆదా చేయాలి. రంగు గీకి కొలవడం, బస్తాలతో తూచడం, దారం కట్టి సరిచూడడం, ఇవన్నీ చెమటతో డబ్బుకు బదులు చెల్లించే పనులు. కాని విరిగితే మనిషి పోయే చోట చెమట డబ్బుకు బదులు కాదు. అక్కడ కొత్తది కొనాలి, లేదా ఆగాలి. పిండి కొద్దీ రొట్టె. రొట్టె చిన్నదైనా ఫరవాలేదు, పచ్చిగా ఉండకూడదు. ఆగడానికి కూడా ధైర్యం కావాలని మాకు ఆ అక్టోబరులో తెలిసింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ చేతిలో ఉన్న పని ఏదైనా సరే, వెల్డింగు కానివ్వండి, కుట్టుపని కానివ్వండి, వంట కానివ్వండి, సెలవునాడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూపించండి. వాళ్ళు ఆ పనే చేయాలని కాదు. ఏది పట్టు నిలుస్తుందో, ఏది నిలవదో చేత్తో తెలుసుకున్న పిల్లలు, కాగితం మీద లెక్కను కూడా ఇంకా శ్రద్ధగా చేస్తారు. సిమెంటు బస్తాలతో స్ప్రింగు తూచిన ఆ అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు ముందుగా అడిగేది కారు గురించే.

ఆ పగిలిన కుడి ఆర్మును ఈ సభకు తెచ్చాము. సుద్ద చెరగకుండా పైన గాజుకాగితం చుట్టాము. వేదిక పక్కన బల్లమీద ఉన్నది. చిన్నారులు దగ్గరకు వచ్చి ఆ గీతను చూడండి. వేలితో తడిమితే ఏమీ తెలియదు. కళ్ళు దగ్గర పెట్టి వెతకాలి. పెద్దాయన అక్కడే కూర్చుని ఉంటారు, అడిగితే చెబుతారు.